‘ఏం కాదు లే’

పోయినేడు మే నెలలో, పగలు పన్నెండున్నరప్పుడు, ఆలూరులో మా అమ్మ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. మజ్జిగకని వచ్చిన పక్కింటి అత్త చూసి, ముఖాన నీళ్ళు కొట్టి, పడసాలలోకి తెచ్చి ఫ్యాను కింద పడుకోబెట్టి నాకు ఫోన్ చేసింది. ఆ సమయానికి నేను హైదరాబాదులో, ఆఫీసులో ఉన్నాను. ఏసీ చలికని కుర్చీకి ఎప్పుడూ ఒక స్వెట్టర్ తగిలించి ఉంచుకుంటాను. అది వేసుకుని మీటింగులో కూర్చున్నాను. ఫోన్ అమ్మకి ఇమ్మన్నాను.

“ఏం కాదు లేరా. రొట్టెలు చేస్తాంటి, రవంత తల తిరిగినట్లాయ. నువ్వు పని చూసుకో.”

ఇంకాస్త ఆలస్యమైతే వడదెబ్బే అయ్యేదన్నాడు డాక్టరు. సెలైన్ పెట్టారు. సాయంత్రానికి లేచి కూర్చుంది. రాత్రికి నేను ఊరు చేరేసరికి నా కోసం అన్నం వండి పెట్టింది, అదే వంటింట్లో.

ఈ వ్యాసం ఆ ‘ఏం కాదు లే’ గురించి. ఆ మాట ఎన్ని డిగ్రీల దగ్గర మొదలవుతుందో తెలుసుకుందామని ఏడాదిగా తంటాలు పడుతున్నాను.

నాయన పోయినాక అమ్మ ఆలూరులో ఒక్కతే ఉంటుంది. హైదరాబాదు రమ్మంటే వస్తుంది, పది రోజులకి “ఈడ నాకు పొద్దు పోదప్పా” అని బస్సెక్కుతుంది. అందుకని ఆ వారంలోనే పడకగదికి ఒక టన్ను ఏసీ పెట్టించాను. ఐదు చుక్కలది, కరెంటు తక్కువ తాగేది, ఫోనుతో కూడా నడిచేది. అంటే అది రోజుకి ఎన్ని గంటలు నడిచిందో హైదరాబాదులో కూర్చుని నేను చూడొచ్చు. చూశాను. జూన్ నెల మొత్తానికి పదకొండు గంటలు. ఆ పదకొండూ మేము ఊరెళ్ళిన రెండు రాత్రులవే.

ఎందుకు వేసుకోవడం లేదని అడిగితే పూటకో కారణం చెప్పింది. దుడ్లు దండగ అంది. ఇంకోసారి, ఆ గదిలో తలుపేసుకుని పడుకుంటే తెల్లారికి తల బరువైతాది అంది. మరోసారి, నాకేం ఉక్కపోయడం లేదు అంది. మొదటిది నాకు తెలిసిన పాత పాటే. రెండోది అలవాటు లేక అంటోంది అనుకున్నాను. మూడోది నమ్మేశాను. నమ్మితే నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి.

ఇంజనీరుకి దిగులు పుడితే పరికరాలు కొంటాడు. ఒక చిన్న సర్క్యూట్ బోర్డుకి ఉష్ణోగ్రత, తేమ, కార్బన్ డయాక్సైడ్, సన్నధూళి కొలిచే సెన్సర్లు తగిలించి, అలాంటి డబ్బాలు రెండు తయారు చేశాను. ఒకటి పడసాలలో, ఒకటి పడకగదిలో పెట్టాను. ఐదు నిమిషాలకోసారి అవి పంపే అంకెలు నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫులవుతాయి. వాటిని చూస్తూ, రాత్రిళ్ళు ఈ విషయం మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను.

చదివిన మొదటి విషయమే తమాషాగా అనిపించింది. 1902లో విల్లిస్ కారియర్ తయారు చేసిన మొదటి ఆధునిక ఎయిర్ కండిషనర్ మనుషుల కోసం కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావట. ఆ కాగితం కోసం. మనుషులకి ఎంత చల్లదనం కావాలన్న లెక్క తర్వాత వచ్చింది. 1970లో డెన్మార్క్‌కి చెందిన ఫాంగర్ ‘థర్మల్ కంఫర్ట్’ అనే పుస్తకం రాశాడు. కాలేజీ విద్యార్థుల్ని నియంత్రిత గదుల్లో కూర్చోబెట్టి, ‘ఎలా ఉంది?’ అని అడిగి, వాళ్ళు చెప్పిన జవాబుల మీద సమీకరణం కట్టాడు. జవాబుకి ఏడు మెట్లు. బాగా చలిగా ఉంటే -3, బాగా వేడిగా ఉంటే +3, మధ్యలో సున్నా. ప్రపంచమంతా ఆఫీసులు కట్టినవాళ్ళు చాలాకాలం ఆ సమీకరణాన్నే నమ్ముకున్నారు. మన దేశపు భవన నిర్మాణ నియమావళిలో కూడా వేసవికి 23 నుంచి 26 డిగ్రీలు అని రాసుకున్నారు. ఆలూరులో మే నెలలో పగలు అంత చల్లగా ఉండదు.

ఆ తర్వాత మాధవి ఇంద్రగంటి పరిశోధన కంటబడింది. ఆమె ఆర్కిటెక్ట్. 2008లో హైదరాబాదులో, ఏసీ మీద ఆధారపడని అపార్ట్‌మెంట్లకి ఎండాకాలం, వానాకాలం వెళ్ళి, వందమందికి పైగా మనుషుల్ని మళ్ళీ మళ్ళీ అడిగి, వాళ్ళ పక్కనే గాలినీ వేడినీ కొలిచి, 3,962 రికార్డులు పోగుచేశారు. కిటికీలు ఎప్పుడు తెరుస్తున్నారు, ఫ్యానూ కూలరూ ఎప్పుడు వేస్తున్నారు, బట్టలు ఎలా మార్చుకుంటున్నారు, ఇవన్నీ రాసుకున్నారు. తేలిందేమిటంటే, ఆ జనానికి 26 నుంచి 32.45 డిగ్రీల దాకా హాయిగానే ఉంది. చలీ వేడీ ఏదీ అనిపించని తటస్థ ఉష్ణోగ్రత 29.23.

ఈ అంకె చూసి నాకు పొంగిపోవాలనిపించింది. ఎక్కడో చల్లటి దేశంలో కట్టిన లెక్కని మన తెలుగు ఇళ్ళు ఒప్పుకోలేదన్నమాట. దీని వెనకున్న సూత్రం కూడా తేలికే. మనిషి థర్మామీటర్ కాదు. ఊరి ఎండకి ఒళ్ళు అలవాటు పడుతుంది, చీరకొంగు దించుకుంటాడో ఎత్తుకుంటాడో, నీడకి జరుగుతాడు, ఫ్యాను కింద కూర్చుంటాడు. ఫ్యాను గాలి ఉంటే 29, 30 కూడా హాయే. ఈ ఆలోచననే ‘అడాప్టివ్ కంఫర్ట్’ అంటున్నారు. తర్వాత అహ్మదాబాదులోని సెప్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఐదు నగరాల్లో సర్వే చేసి మన దేశానికని ఒక నమూనా కట్టారు. 2016 నాటి జాతీయ భవన నియమావళిలో దానికి చోటు దొరికింది. కరెంటు ఆదా చేయడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఉండాలని నిబంధన పెట్టినప్పుడు, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పింది. అలాంటిది 24కీ 29కీ మధ్య ఎంత తేడా!

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కూడా. “నువ్వు చెప్పిందే నిజమమ్మా. మనకి 30 డిగ్రీలు కూడా బాగనే ఉంటాదంట.” “నేను చెప్పలేదా,” అంది.

కొన్ని రోజుల తర్వాత అదే సర్వే మీద వచ్చిన ఇంకో పత్రం చదివాను. అందులో అవే రికార్డుల్ని వయసు, ఆడా మగా, ఆర్థిక స్థితి, సొంతిల్లా అద్దిల్లా అని విడగొట్టి చూశారు. వయసుకీ ఆడామగా తేడాకీ వేడి అనిపించడానికీ పెద్ద సంబంధం కనబడలేదు. కానీ ‘ఈ వేడి మీకు సమ్మతమేనా?’ అన్న ప్రశ్నకి ఆడవాళ్ళూ పెద్దవాళ్ళూ ఎక్కువగా ‘సమ్మతమే’ అన్నారు. డబ్బు దగ్గర మాత్రం తేడా గట్టిగా కనబడింది. అందరికంటే తక్కువ ఆదాయమున్న వర్గానికి హాయి 27.3 నుంచి 33.1 దాకా సాగింది. వాళ్ళ తటస్థ ఉష్ణోగ్రత 30.2.

ఈ పేరా దగ్గర ఆగిపోయాను. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఒకటి, ఏసీ మరగని ఒళ్ళు ప్రకృతితో రాజీపడటం మరిచిపోలేదని. రెండోది, అడిగినా ఏమీ మారదని తెలిసినవాళ్ళు ఒప్పుకోవడం నేర్చుకుంటారని. కాగితం మీద రెండూ ఒకే అంకె. అన్నంలోకి కూర లేకపోయినా ‘ఏం కాదు లే’ అనే మనిషి, 38 డిగ్రీల దగ్గర మాత్రం వేరే మాట ఎందుకంటుంది? పైగా ఆ మనిషి పెద్దదీ, ఆడదీ.

ఇక్కడ మా పాత ఇంటి గురించి చెప్పాలి. వేడి గురించి మాట్లాడితే మా వైపు వాళ్ళం తప్పకుండా మట్టి మిద్దె దగ్గరికే పోతాం.

మాది రెండడుగుల మందం రాతి గోడల మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద బండలు పరిచి, పైన అడుగు మందాన మట్టి, దాని మీద చౌడు. ఏటా వానలకి ముందు కొత్త చౌడు వేసేవాళ్ళు. మధ్యాహ్నం ఎండ ఆ మట్టిని దాటుకుని లోపలికి రావాలంటే రాత్రి కావాల్సిందే. ఆ లోపు బయట చల్లబడుతుంది, జనం మిద్దె మీద పడుకుంటారు. పగలు లోపలికి అడుగుపెడితే కుండలో దూరినట్టుండేది. 2007లో దాన్ని కొట్టేసి స్లాబు వేశాం. నాలుగున్నర అంగుళాల కాంక్రీటు. ఎండ దాన్ని మూడు నాలుగు గంటల్లో దాటేస్తుంది. సాయంత్రం ఆరింటికి, బయట గాలి తిరిగే వేళకి, ఇంటి కప్పు పెనంలా కాలుతూ ఉంటుంది. తప్పు చేశామని చాలాసార్లు రాశాను, చాలాచోట్ల మాట్లాడాను. మట్టి మిద్దె చల్లదనం మీద నేను పెట్టిన పోస్టులకి మంచి పేరే వచ్చింది.

అమ్మ దగ్గర ఆ మాటంటే ఒకటే అంది. “నీకేం తెలుసురా, నువ్వు పడసాలలో పండుకునేటోడివి.”

ఆ మిద్దెలో వంట జరిగే మూల నాకు సరిగ్గా గుర్తు రాలేదు. అడిగితే చెప్పింది. కిటికీ లేదు. కప్పులో చదరంగా ఒక బొక్క, గవాచి. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ అదొక్కటే దారి. వానొస్తే దాని మీద బండ జరిపేవాళ్ళు, అప్పుడు పొగంతా ఇంట్లోనే. కంది కట్టె, పత్తి కట్టె, పిడకలు. స్లాబు ఇల్లు కావాలని నాయన మీద పోరింది అమ్మేనట. ‘కిటికీ ఉండే వంటిల్లు’ అని అడిగిందట. ఇది నాకు పద్దెనిమిదేళ్ళ తర్వాత తెలిసింది.

ఆ పొగని కొలిచినవాళ్ళూ ఉన్నారు. చెన్నైకి చెందిన కల్పనా బాలకృష్ణన్, ఆమె సహచరులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో 400కు పైగా ఇళ్ళలో ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నధూళిని కొలిచి 2004లో పత్రం అచ్చువేశారు. గ్యాస్ వాడే ఇళ్ళలో ఆ ధూళి 24 గంటల సగటు ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్ళలో 732 దాకా పోయింది. ఇల్లు ఒకటే అయినా పీల్చేది అందరూ ఒకేలా కాదు. 1,400 మంది రోజంతా ఎక్కడెక్కడ ఉంటారో అడిగి లెక్క వేస్తే, అన్నిటికంటే ఎక్కువ మోతాదు వంట చేసే ఆడవాళ్ళది. మగవాళ్ళలో ఎక్కువగా పీల్చింది 65 దాటిన ముసలివాళ్ళు, ఇల్లు కదలలేరు కాబట్టి. అమ్మ చెప్పిన గవాచి కథకి నాకు అంకెలు దొరికాయి. మట్టి మిద్దె చల్లదనం నిజం. ఆ చల్లదనం పడసాలది. అదే కప్పు కింద, నాలుగు బారల దూరంలో, ఇంకో వాతావరణం ఉండేది.

ఇది తెలిసినాక కూడా నా డబ్బాలు రెండూ ఎక్కడున్నాయి? పడసాలలో, పడకగదిలో. ఆ సంగతి నాకు తట్టలేదు.

ఈ ఏడు మార్చి చివర్లో ఒకరోజు పడసాల గ్రాఫు ఉన్నట్టుండి 41కి ఎగిరింది. బయట 39. ఫ్యాను తిరిగే పడసాలలో 41 ఎలా ఉంటుంది? సెన్సర్ చెడిపోయింది అనుకున్నాను. ఇలాంటి పిచ్చి అంకెలు రాకుండా, 40 దాటితే ఆ రీడింగు తప్పని కొట్టిపారేసే లైను ఒకటి కోడులో రాశాను. మా ఉద్యోగంలో ఇది రోజూ చేసే పనే. గ్రాఫు మళ్ళీ బుద్ధిగా కనబడింది. మధ్యాహ్నాలు ఖాళీలు, మిగతా వేళ అంతా బాగు. మూడో రోజు అమ్మతో మాట్లాడుతూ యథాలాపంగా అన్నాను, పడసాలలో డబ్బా చెడిపోయినట్టుందమ్మా అని.

“చెడిపోలేదప్పా. కసువు కొడతా తీసి వంటింట్లో పెట్టినా. ఈడనే ఉండాది, ఉప్పు డబ్బా పక్కన.”

చేసింది మామూలు తప్పే. డేటా శుభ్రం చేశాను, అంతే. కానీ ఆ 41లో మా అమ్మ నిలబడి ఉంది. పోయినేడు పడిపోయింది కూడా ఆ చోటే. ఏ ఇబ్బందిని కనిపెడదామని ఆ డబ్బాలు పెట్టానో, అది కనబడగానే తప్పు రీడింగని కొట్టేశాను. ‘ఏం కాదు లే’ అని అమ్మ నోటితో అన్నదాన్నే నేను కోడులో రాశాను.

లైను తీసేసి, డబ్బా వంటింట్లోనే ఉండనిమ్మన్నాను. వారం రోజుల్లో ఆ గది బొమ్మ తేలింది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా 39కీ 41కీ మధ్య. వంటింట్లో ఫ్యాను లేదు, ఉంటే గ్యాస్ మంట నిలవదు. రొట్టె కాల్చేటప్పుడు ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేస్తుంది, బయటి వడగాలికి మంట పక్కకి పోతుందని. కట్టెల పొయ్యి పోయింది గానీ, తిరగమాత వేళ, రొట్టె మాడిన వేళ, ధూళి గీత కూడా నిటారుగా లేచేది, దిగడానికి గంట పట్టేది. ఇల్లంతటికీ వేడైన గదిలో, రోజులో వేడైన వేళ, మంట పక్కన, గాలి లేకుండా రెండు గంటలు. ఏసీ ఉన్నది పడకగదిలో.

అదే వారం పడకగది డబ్బా చెప్పింది కూడా జాగ్రత్తగా చూశాను. మేము వెళ్ళినప్పుడు తలుపులు బిగించి, ఏసీ వేసుకుని ముగ్గురం పడుకున్న రాత్రి కార్బన్ డయాక్సైడ్ 2,000 దాటింది. ఆరుబయట అది 420 చిల్లర. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త 1858లోనే, గదిలో ఈ వాయువు 1,000 పీపీఎం దాటితే గాలి చెడ్డట్టు లెక్క అన్నాడు. మనుషులు వదిలిన గాలి బయటికి పోవడం లేదనడానికి అది గుర్తు. తలుపేసుకుంటే తెల్లారికి తల బరువైతాది అని అమ్మ అన్నది గుర్తొచ్చింది. అలవాటు లేక అనుకున్నాను కదా. ఉక్కపోయడం లేదు అంటే వెంటనే నమ్మాను, తల బరువు అంటే నమ్మలేదు. అమ్మ మాటల్లో నాకు ఖర్చులేనివి నిజాలు, పని పెట్టేవి చాదస్తాలు.

మరి కూలర్ పెడితే? శాస్త్రం ప్రకారం మా ఊరికి అదే సరైన పరికరం. మా దగ్గర ఎండ పొడి ఎండ. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిని తడి గడ్డి గుండా లాగితే అది 28 దగ్గరికి దిగొస్తుంది. విజయవాడలో 40 డిగ్రీలు, 45 శాతం తేమ ఉన్న రోజున అదే కూలర్ 32 దగ్గరే ఆగిపోతుంది. ఏసీతో పోలిస్తే కరెంటు చాలా తక్కువ పడుతుంది, పైగా బయటి గాలి లోపలికొస్తూ ఉంటుంది కాబట్టి తల బరువు గొడవ లేదు. ఈ లెక్కంతా ఉత్సాహంగా చెబితే అమ్మ ఒకటే అడిగింది. “నీళ్ళెన్ని తాగుతాది?”

ఆ లెక్కా వేశాను. లీటరు నీరు ఆవిరవుతూ సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని లాక్కుంటుంది. ఒక టన్ను ఏసీ గంటలో తోడిపోసే వేడి 12,600 కిలోజౌళ్ళు. కూలర్ అంత పని చేయాలంటే గంటకి 5 లీటర్ల పైచిలుకు. రాత్రి ఎనిమిది గంటలకి 42 లీటర్లు.

“అంటే మూడు బిందెలు,” అంది అమ్మ.

కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని వీధిలో మూడు బిందెలంటే ఏమిటో హైదరాబాదులో ట్యాంకరు బుక్ చేసుకునే నాకు వివరించక్కరలేదు. సామర్థ్యం అని మనం రాసేటప్పుడు యూనిట్లు, రూపాయలు రాస్తాం. ఆలూరులో ఆ పట్టికలో బిందె కూడా ఒక కొలత. కూలర్ ఆలోచన అక్కడ ఆగింది.

చివరికి చేసిందంతా చిన్న పనులే. మిద్దె మీద సున్నం కొట్టించాం, బంక కలిపి రెండు పూతలు. ఇది నా తెలివి కాదు. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల కలిసి భవనాల కప్పులకి తెల్ల పూత వేసి కొలిచారు. మామూలు కాంక్రీటు కప్పుని తెల్లగా చేస్తే చల్లదనానికయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం తగ్గుతుందని 2012లో అచ్చయిన వాళ్ళ పత్రం చెబుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు అలా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. దుమ్ము పడితే తెలుపు మాసిపోతుంది, ఏటా మళ్ళీ కొట్టాలమ్మా అని అమ్మకి చెబితే, “మిద్దెకి ఏటా చౌడు వెయ్యలేదా” అంది.

వంటింట్లో పొయ్యికి ఎదురుగోడ పైభాగంలో బొక్క కొట్టించి 40 వాట్ల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. కింద కిటికీకి బయట చిన్న అడ్డుగోడ, గాలి రావాలి గానీ మంట మీదికి రాకూడదు. పడసాలలో 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్లతో తిరిగే కొత్త రకం బిగించాం. ఏసీని 28 దగ్గర పెట్టి, పక్కన ఫ్యాను తిప్పి, తలుపు జానెడు తెరిచి ఉంచితే చాలని తేల్చుకున్నాం. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ 900 దాటడం లేదు. కరెంటు కాస్త ఎక్కువే కాలుతుంది, కాలనీ. రొట్టెలు పొద్దున ఎనిమిదికల్లా చేసేస్తానని అమ్మ ఒప్పుకుంది. ఇవన్నీ కలిపితే ఏసీకి పెట్టిన దుడ్లలో ఐదో వంతు కూడా కాలేదు.

వంటిల్లు ఇప్పుడు మధ్యాహ్నం 37 దాటడం లేదు. పోయినేడాదీ ఈ ఏడాదీ ఎండలు ఒకటి కావు, ఒక్క ఇంటితో ఏదీ రుజువు కాదు, కాబట్టి దీన్ని పరిశోధన అనను. పైగా మాది స్లాబు ఇల్లు. మా వీధి చివర, సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి, ఎండాకాలానికి తిరిగొచ్చే కుటుంబాలు రేకుల కింద ఉంటాయి. ఆ రేకుల కింద నేను ఏ డబ్బా పెట్టలేదు. అక్కడ ఎవరైనా వెళ్ళి ‘ఈ వేడి మీకు సమ్మతమేనా?’ అని అడిగితే ఏమంటారో నాకు తెలుసు. అందుకే ఆ 30.2 అన్న అంకె చూసి ఇప్పుడు పొంగిపోలేను. అది తప్పు అంకె అని కాదు, ఇంద్రగంటిగారు జనం దగ్గరికి వెళ్ళి అడిగారు కాబట్టే ఆ అంకె మనకుంది. దాన్ని ‘వీళ్ళకి ఇంతే చాలు’ అని చదివేవాళ్ళ గురించే నా భయం. ఏడాది పాటు నేను అలా చదివినవాణ్ణే.

మొన్న ఏప్రిల్లో ఒకరోజు పగలు పదింటికి అమ్మే ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఎప్పుడూ చేయదు.

“ఒరే, ఆ పొగ ఫ్యాను తిరగల్యా. వంటింట్లో శానా ఉక్కగా ఉంది, నాతో కాదు. ఎవరినన్నా పంపించు.”

గ్రాఫు తెరిచి చూడబోయి ఆగిపోయాను. ముందు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.